క్వీర్ ప్రేమకథలూ ఫాంటసీ నవలలూ చదివి అభిప్రాయం రాయడం ఎలా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు ఇళ్ళలో పుట్టి, ఒడియా బడిలోనో ఇంగ్లీషు బడిలోనో చదువుకున్న పాఠకులు నవలలు ఇంగ్లీషులో చదివినా, వాటి గురించి వాదించుకునేది మాత్రం ఇంటి భాషలోనే. ఇద్దరు మగవాళ్ళ ప్రేమో, ఇద్దరు ఆడవాళ్ళ ప్రేమో, ట్రాన్స్ వ్యక్తి (పుట్టినప్పుడు ఇతరులు చెప్పిన లింగం తనది కాదని తెలిసిన మనిషి) జీవితమో కేంద్రంగా ఉన్న నవలలు, అంటే క్వీర్ నవలలు, అందులోనూ రాజ్యాలు, మంత్రాలు, డ్రాగన్లు నిండిన ఫాంటసీలు ఇప్పుడు వీరి ఫోన్లలో ధారాళంగా దొరుకుతున్నాయి. చదివేవారు ఉన్నారు గాని, చదివినదాని గురించి తెలుగులో రాసే అభిప్రాయం చాలాసార్లు రెండు మాటల దగ్గరే ఆగిపోతోంది. మెచ్చినవారు "ధైర్యంగా రాశారు" అంటారు. మెచ్చనివారు "మనకు పడే సరుకు కాదు" అంటారు. ఈ రెండు మాటలూ కథావస్తువు గురించినవే తప్ప నవల గురించినవి కావు. నవల గురించి రాయదలచినవారికి పనికొచ్చే పద్ధతి ఒకటి ఇక్కడ వివరిస్తున్నాను. ఇది విశ్వవిద్యాలయాల విమర్శ పద్ధతి కాదు. ఒక పుస్తకాన్ని తోటి పాఠకుడి చేతికి ఇవ్వవచ్చునా అని తేల్చుకోవడానికి సరిపడే పద్ధతి మాత్రమే.

పుస్తకం తెరిచే ముందు

ముందుగా ప్రచురణ వివరాలున్న పేజీ చూసి, మొదటి ముద్రణ ఏ సంవత్సరంలో వెలువడిందో రాసి పెట్టుకోవాలి. మామూలు ప్రేమకథకు ఈ వివరం అంత అవసరం ఉండదు. క్వీర్ కథకు అవసరం, ఎందుకంటే చట్టం మారిన తేదీని బట్టి పాత్రల భయం మారుతుంది, రచయిత అచ్చు వేయించగలిగిన ముగింపూ మారుతుంది. ఇంగ్లీషు రచయిత ఇ. ఎం. ఫార్‌స్టర్ 'మారిస్' అనే నవలను 1913-14 ప్రాంతంలో రాశాడు. ఇద్దరు మగవాళ్ళు చివరకు ఒకరినొకరు విడవకుండా ఉంటారన్న ముగింపును ఆయన వదులుకోలేదు; ఆ ముగింపు ఉన్నందువల్లనే బతికి ఉండగా దానిని బయటపెట్టలేదు. 1967లో ఇంగ్లండులో మగవాళ్ళ మధ్య సంబంధాన్ని నేరంగా చూసే చట్టం సడలింది, 1970లో ఆయన మరణించాడు, 1971లో నవల వెలువడింది. ఈ తేదీలు తెలియని పాఠకుడికి ఆ ముగింపు కాస్త తేలికగా, కోరిక తీర్చుకున్నట్టుగా కనిపించవచ్చు. తెలిసిన పాఠకుడికి అదే ముగింపు ఆ పుస్తకంలోకెల్లా బరువైన భాగమని అర్థమవుతుంది.

మన దేశపు కథలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తమ లింగ గుర్తింపును తామే ప్రకటించుకునే హక్కు ఉందని చెప్పింది. 2018 సెప్టెంబరు 6న, ఇద్దరు వయోజనులు ఇష్టపూర్వకంగా, ఏకాంతంగా కలిసిన సందర్భంలో, స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ వర్తించదని తీర్పునిచ్చింది. 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహానికి చట్టబద్ధమైన గుర్తింపునివ్వడానికి నిరాకరించింది. కాబట్టి 2015 నాటి భువనేశ్వర్‌లో జరిగే కథలో పోలీసు బెదిరింపుకు ఉన్న బలం, 2022లో జరిగే కథలో అంతే ఉండదు. బెదిరింపులు ఆగిపోయాయని కాదు. ఆ తరువాతి కథలో భయం అద్దె ఇంటి యజమాని దగ్గర, ఆసుపత్రిలో సంతకం పెట్టే చోట, తండ్రి ఆస్తి పంపకంలో ఉండాలి. అది వదిలేసి రచయిత ఇంకా ఠాణానే చూపిస్తుంటే పాత కథ భయాన్ని అరువు తెచ్చుకున్నారని నిర్మొహమాటంగా రాయవచ్చు.

రెండవది, అది ఏ రకం పుస్తకమో తెలుసుకోవాలి. ఇంగ్లీషు ప్రచురణలో రొమాన్స్ అని పేరు పెట్టి అమ్మే నవలకు ఒక ఒప్పందం ఉంటుంది: చివరకు జంట కలిసే ఉండాలి, లేదా కలిసి ఉంటారన్న ఆశ అయినా మిగలాలి. ప్రేమ ఉన్న నవలలన్నీ రొమాన్స్ కావు. కాబట్టి ముగింపులో ఒకరు చనిపోయారని కోప్పడే ముందు, ఆ పుస్తకం మనకు అసలు ఏమి మాట ఇచ్చిందో చూసుకోవాలి. అయితే ఇక్కడ పాఠకుల కోపానికి చరిత్ర ఉంది. 1950ల అమెరికాలో ఆడవాళ్ళ మధ్య ప్రేమ గురించి చవక పుస్తకాలు విస్తారంగా వచ్చినా, వాటిలో చావో, పిచ్చో, మగవాడి పంచన చేరడమో చివరి పేజీకి దాదాపు తప్పనిసరిగా ఉండేవి. 1952లో ప్యాట్రీషియా హైస్మిత్ మారుపేరుతో వేయించిన నవల ఇద్దరు స్త్రీలకు ఆశ మిగిల్చి ముగిసినప్పుడు పాఠకులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది అందుకే. నా మటుకు నేను చావును తప్పుపట్టను. చంపింది యుద్ధమా, లేక ప్రేమించినందుకు రచయిత వేసిన శిక్షా అని చూస్తాను. యుద్ధంలో పదిమంది పోయిన చోట ఆ జంటలో ఒకరు పోవడం వేరు, పదిమందీ బతికి వచ్చి ఆ ఒక్కరే పోవడం వేరు.

లోకాన్ని ఎలా కట్టారో చూడటం

ఫాంటసీ విషయంలో నేను అన్నిటికంటే ఎక్కువ విలువనిచ్చే ప్రశ్న ఒకటి ఉంది. ఎవరు ఎవరిని ప్రేమించవచ్చు, ఎవరిని ప్రేమించకూడదు అన్న నియమం ఆ లోకంలో ఎక్కడి నుంచి వచ్చింది? మన లోకంలో జరిగే నవలకు ఈ ప్రశ్న వేయనక్కరలేదు, ఎందుకంటే వివక్ష అప్పటికే ఇక్కడ ఉంది, రచయిత దానిని చూసి రాస్తే చాలు. ఫాంటసీలో అలా కాదు. ఆకాశంలో ఎన్ని చంద్రుళ్ళు ఉండాలో, నది ఎటు పారాలో, చనిపోయినవారు తిరిగి రావచ్చునో లేదో అన్నీ రచయితే నిర్ణయించారు. అటువంటి లోకంలో ఇద్దరు యువరాజులు ప్రేమించుకుంటే ఉరి తీస్తారన్న నియమం ఉందంటే, అదీ రచయిత కూర్చుని నిర్ణయించినదే. కాబట్టి దానికి వారు జవాబుదారీ.

ఒడిశా సరిహద్దులో పెరిగిన పాఠకుడికి ఈ ప్రశ్న వేయడం ఎవరూ నేర్పనక్కరలేదు. బరంపురంలో ఒక తెలుగు ఇంట్లో మేనమామ కూతుర్ని చేసుకోవడం వరస కుదిరిన సంబంధం, పెద్దలు ముచ్చటపడి చేసే పెళ్ళి. గోడకు అవతల ఉన్న ఒడియా ఇంట్లో, చాలా కుటుంబాలలో, మేనమామ కూతురు చెల్లెలే; పెళ్ళి ఊసెత్తడమే అపచారం. రెండు ఇళ్ళవారూ ఒకే ఠాకురాణి అమ్మవారికి మొక్కుతారు, ఒకే బజారులో కూరలు కొంటారు, ఒకరి పెళ్ళికి ఒకరు వెళ్ళి భోంచేసి వస్తారు. ఒకరికి మంగళకరమైనది మరొకరికి మహాపాపం కావడాన్ని ఇద్దరూ రోజూ చూస్తూనే ఉంటారు. కాస్త తరచి అడిగితే ప్రతి నియమం వెనుకా పొలం ఎవరి పేరున ఉండాలి, ఆడపిల్ల ఏ గడపలోకి వెళ్ళాలి, పితృకార్యం ఎవరు చేయాలి అన్న లెక్కలు బయటపడతాయి. ఫాంటసీ రాజ్యంలో కూడా మనం వెతకవలసింది ఆ లెక్కనే.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. ఒక రాజ్యంలో సింహాసనం రక్తసంబంధం వల్ల రాదు. రాజు చనిపోగానే ఒక ఖడ్గం తనకు నచ్చినవారి చేతిలో వెలుగుతుంది, వారే రాజు. చదవడానికి బాగుంది. కాని అదే నవల నూరవ పేజీలో, రాణి మరొక స్త్రీని ప్రేమించినందుకు "వారసుడు లేక వంశం అంతరించిపోతుంది" అని మంత్రులు గగ్గోలు పెడితే, మంత్రుల గోలకు ఆధారమేమిటి? ఖడ్గం ఉండగా వారసుడితో పనేముంది? రచయిత వారసత్వ నియమాన్ని మార్చారు గాని, దాని మీద నిలబడ్డ భయాన్ని మార్చడం మరిచారు. ఇలాంటి అతుకులు దొరికినప్పుడు పేజీ సంఖ్యతో సహా రాసుకోవాలి. అభిప్రాయంలో పసందైన భాగం అక్కడే ఉంటుంది.

దీనికి ఎదురు రకం నవలలు ఇప్పుడు చాలా వస్తున్నాయి. వాటి లోకంలో ఎవరు ఎవరిని ప్రేమించినా ఎవరికీ పట్టింపు ఉండదు. ఇలాంటి లోకం పాఠకుడికి ఊపిరి పీల్చుకునే చోటు ఇస్తుంది, దానికి నేను వ్యతిరేకిని కాను. కాని పట్టింపు లేనంత మాత్రాన ప్రశ్నలు తీరిపోవు, మారతాయంతే. ఇద్దరు రాజులు పెళ్ళి చేసుకుంటే ఎవరి రాజ్యంలో ఎవరు కలుస్తారు, పిల్లల్ని పెంచుకుంటే ఆ పిల్లలు ఎవరి ఇంటిపేరు పెట్టుకుంటారు, వియ్యాలవారి మర్యాదలు ఎవరు ఎవరికి చేయాలి? పెళ్ళికొడుకు తరపు, పెళ్ళికూతురు తరపు అనే విభజన లేని చోట విందులో పీటల వరసలు ఎలా వేస్తారో ఒక్క పేజీలో చూపించగలిగిన రచయిత, "ఈ దేశంలో అందరూ స్వేచ్ఛగా ప్రేమిస్తారు" అని పది పేజీలు చెప్పిన రచయిత కన్నా గొప్పవారని నా అభిప్రాయం.

ఈ కొలతకు నిలబడే నవలగా అర్సులా లె గ్విన్ 1969లో ప్రచురించిన 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్'ను చూడవచ్చు. అది నిజానికి సైన్స్ ఫిక్షన్ గాని, లోకాన్ని కట్టే పని మాత్రం ఫాంటసీలో మాదిరిదే. అందులోని గ్రహంలో మనుషులు నెలలో ఎక్కువ రోజులు ఆడా మగా కారు. కొద్ది రోజులు మాత్రం ఏదో ఒకటి అవుతారు, ఏది అవుతారో ముందుగా తెలియదు. ఆ ఒక్క నియమం నుంచి, ఒకే మనిషి కొందరు పిల్లలకు తల్లి, మరికొందరికి తండ్రి కావడం, దేశాన్నేలే రాజు గర్భం ధరించడం, పని నుంచి ఆ రోజులకు సెలవు ఇవ్వడం వంటివన్నీ పుట్టుకొస్తాయి. నియమం పెట్టినవారు దాని కొనదాకా వెళ్ళారా అన్నదే పరీక్ష.

పురాణాలను ఎలా వాడుకోవాలి

తెలుగు పాఠకులు ఇలాంటి నవల గురించి రాయగానే శిఖండి, బృహన్నల, మోహిని వరసగా వచ్చేస్తారు. "మన పురాణాలలోనూ ఉంది కాబట్టి తప్పు లేదు" అన్న ధోరణిలో వారిని సాక్షులుగా నిలబెట్టడం నాకు నచ్చదు. నవలకు అనుమతిపత్రం అవసరం లేదు; ఆ పాత్రలకూ ఈ చాకిరీ అవసరం లేదు. అయితే కథ కట్టిన తీరును పోల్చడానికి మాత్రం పురాణం అక్కరకు వస్తుంది.

ఉద్యోగపర్వంలోని శిఖండి కథనే తీసుకోండి. ద్రుపదుడు కొడుకు కావాలనుకుంటాడు, కూతురు పుడుతుంది, కొడుకనే చెప్పి పెంచుతారు. అంతటితో ఆగక దశార్ణ రాజైన హిరణ్యవర్మ కూతురితో పెళ్ళి కూడా చేస్తారు. పెళ్ళికూతురికి విషయం తెలుస్తుంది, పుట్టింటికి కబురు వెళుతుంది, మామగారు తనను మోసం చేశారని యుద్ధానికి సిద్ధమవుతాడు. తన వల్ల తల్లిదండ్రులకు ఆపద వచ్చిందని శిఖండి చనిపోదామని అడవికి పోతే, స్థూణాకర్ణుడనే యక్షుడు జాలిపడి తన పురుషత్వాన్ని కొంతకాలానికి ఇచ్చి ఆమె స్త్రీత్వాన్ని తాను తీసుకుంటాడు. కుబేరుడు వచ్చి చూసి కోపించి, శిఖండి బతికున్నంత కాలం యక్షుడు ఆడదానిగానే ఉండాలని శపిస్తాడు. ఈ కథలో మార్పు ఉచితంగా జరగలేదు. దాని ఖర్చు ఒకరి మీద పడింది, ఎవరి మీద పడిందో కథ దాచలేదు. ఈనాటి ఫాంటసీలో మంత్రం వేయగానే శరీరం మారిపోయే ట్రాన్స్ పాత్ర ఎదురైనప్పుడు ఇదే అడగాలి: ఆ మంత్రం ఎవరికైనా దొరుకుతుందా, డబ్బున్నవారికేనా, దొరకనివారు ఆ ఊళ్ళో ఎలా బతుకుతున్నారు? మంత్రం అందరికీ పైసా ఖర్చు లేకుండా దొరికే లోకమైతే, ఆ పాత్ర రెండు వందల పేజీలు ఎందుకు ఏడ్చినట్టు?

మరొక జాగ్రత్త. ఆడవేషం వేసుకుని కోట దాటే సైనికుడు, మగవేషంలో గురుకులంలో చేరే అమ్మాయి ఫాంటసీలలో కోకొల్లలు. వీరందరినీ ట్రాన్స్ పాత్రలని రాయడం పొరపాటు. రెండేళ్ళకొకసారి బరంపురంలో జరిగే బూఢీ ఠాకురాణి జాతర చూసినవారికి ఈ తేడా తేలికగానే తెలియాలి. మొక్కుకున్నవారు రకరకాల వేషాలు కడతారు, మగవాళ్ళు ఆడవేషాలు కట్టడమూ అందులో ఉంటుంది. మొక్కు తీరాక రంగు కడుక్కుని పనులకు వెళ్ళిపోతారు. అది వారి భక్తి. ఏ రంగూ పూసుకోకుండానే, జాతర ఉన్నా లేకపోయినా, తాను ఆడమనిషినని తెలిసి బతికేవారి జీవితం అది కాదు. నవలలో వేషం తీసేసిన తరువాత ఆ పాత్రకు హాయిగా ఉందా, ఏదో పోగొట్టుకున్నట్టు ఉందా అన్న వాక్యం కోసం వెతకాలి. మంచి రచయిత ఆ వాక్యాన్ని తప్పక రాస్తారు, చాలాసార్లు గట్టిగా చెప్పకుండానే రాస్తారు.

ప్రేమను తూచేటప్పుడు

ఇద్దరూ మగవాళ్ళయినంత మాత్రాన, ఇద్దరూ ఆడవాళ్ళయినంత మాత్రాన ఆ ప్రేమకు మార్కులు కలపకూడదు, తీయకూడదు. యజమాని-బానిస, గురువు-శిష్యుడు, అయిదు వందల ఏళ్ళ అమరుడు-పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు వంటి జంటలు ఈ నవలలలో తరచుగా కనిపిస్తాయి. రెండవ వ్యక్తి "వద్దు" అనగలిగే స్థితిలో ఉన్నాడా, అన్న తరువాత అతని ప్రాణానికో కూటికో ముప్పు లేదా అన్నది చూడాలి. "విధి కలిపిన జంట" అనే ఏర్పాటు మరీ జారుడు మెట్టు, ఎందుకంటే ఇష్టాన్ని విధి చేతిలో పెట్టి రచయిత చేతులు దులుపుకుంటారు. పుట్టుమచ్చ వెలిగినంత మాత్రాన ప్రేమ పుడితే, ఆ ఇద్దరూ ఒకరికొకరు నచ్చడానికి కారణాలు రాయనక్కరలేదు కదా అని కొందరు నిజంగానే రాయరు.

జపాన్, చైనా, థాయ్‌లాండ్ కథల అనువాదాలు, వాటి ప్రభావంతో వచ్చిన కథలు చదివేటప్పుడు ఇంకొకటి గమనించవచ్చు. కొన్నిటిలో ఒకడు ఎప్పుడూ ఎత్తుగా, మొరటుగా, కాపాడేవాడిగా ఉంటాడు. రెండోవాడు ఎప్పుడూ ఏడుస్తూ, అలుగుతూ, వంట చేస్తూ ఉంటాడు. పాత సినిమా మొగుడూ పెళ్ళాల చొక్కాలు మార్చినట్టుంటుంది. అలాంటివి కాలక్షేపానికి నేనూ చదువుతాను, చదివి ఆనందిస్తాను కూడా; కాని కొత్తదనానికి మాత్రం మార్కులు ఇవ్వను.

భారతీయ నేపథ్యంలో రాసిన కథలలో నేను వెతికేది గది. ఇద్దరూ ఎక్కడ కలుస్తున్నారు, ఆ గదికి అద్దె ఎవరు కడుతున్నారు, ఇంటివారు అడిగితే ఏమని చెప్పుకుంటున్నారు? మన ఊళ్ళలో ఇద్దరు ఆడపిల్లలు కలిసి ఇల్లు తీసుకుంటే ఇంటివారు ముందుగా అడిగేది కులం, రెండవది తినే తిండి, మూడవది పెళ్ళి ఎప్పుడని. ఈ మూడు ప్రశ్నలూ లేకుండా ఇద్దరికీ సముద్రం కనిపించే మేడ గది దొరికిపోతే, ఆ కథ ఎవరి గురించో నాకు బోధపడదు. సచిన్ కుండల్కర్ మరాఠీలో 2006లో ప్రచురించిన 'కోబాల్ట్ బ్లూ'లో కథంతా ఇంట్లో అద్దెకు దిగిన ఒక వ్యక్తి చుట్టూ నడుస్తుంది. ఆ ఇంటి కొడుకూ కూతురూ ఇద్దరూ అతణ్ణే ప్రేమిస్తారు. ఆ అద్దె గది లేకపోతే ఆ నవలే లేదు. జెర్రీ పింటో ఇంగ్లీషు అనువాదం 2013లో వచ్చింది. ఫాంటసీ కాకపోయినా, చోటు కథను ఎలా నడిపిస్తుందో చూడటానికి దానిని ఒకసారి చదవమంటాను.

తెలుగులో రాసేటప్పుడు

స్త్రీగానో పురుషుడిగానో గుర్తించుకోని పాత్ర గురించి తెలుగులో రాయడం మొదలుపెట్టగానే క్రియ దగ్గర కలం ఆగుతుంది. ఒడియాలో 'సే' అంటే ఎవరైనా కావచ్చు, క్రియ కూడా ఆడా మగా తేడా చూపదు. అందువల్ల ఒడియాలో మాట్లాడుకున్నంత సేపు ఈ ఇబ్బంది తెలియదు. తెలుగులో వచ్చాడు, వచ్చింది అని తేల్చి చెప్పవలసి వస్తుంది. దీనికి దారి, మనం పెద్దలకు వాడే బహువచనమే: "తాను కోట దాటారు", "తమ పేరు మార్చుకున్నారు" అని రాస్తే పాఠకుడికి ఎక్కడా తట్టుకోదు, గౌరవమూ తగ్గదు. ట్రాన్స్ స్త్రీ పాత్రను మొదటి నుంచి చివరి దాకా ఆమె అనే రాయాలి. చిన్ననాటి ఘట్టం చెప్పేటప్పుడు కూడా మార్చనక్కరలేదు. ఈ విషయాలకు మామూలు తెలుగు చాలదేమోనని సందేహించేవారు, తమిళంలో ఎ. రేవతి రాసిన ఆత్మకథకు పి. సత్యవతి చేసిన 'ఒక హిజ్రా ఆత్మకథ' అనే అనువాదాన్ని చదవవచ్చు. సాహిత్య అకాడెమీ 2019 సంవత్సరపు అనువాద పురస్కారం దానికి ఇచ్చింది. అది కల్పన కాదు గాని, వాక్యం ఎలా నడపాలో అందులో నేర్చుకోవచ్చు.

అభిప్రాయంలో కథ మొత్తం చెప్పకూడదన్నది అందరికీ తెలిసినదే. ఎంత చెప్పాలన్నదే చిక్కు. మొదటి మూడవ వంతు వరకు స్వేచ్ఛగా చెప్పి, ఆ తరువాతి భాగం నుంచి తీర్పును మాత్రమే చెప్పడం నేను పాటించే హద్దు. దీనికి ఒక మినహాయింపు ఉంది. బలాత్కారం, ఆత్మహత్య, ఇంటివారు "నయం చేయించడానికి" పెట్టిన హింస వంటివి ఉంటే, అవి ఏ భాగంలో ఉన్నా ముందే ఒక వాక్యంలో చెప్పాలి. కథ తెలిసిపోతుందన్న బెంగ కన్నా, అలాంటిది అనుభవించిన పాఠకుడు తెలియక ఆ పేజీ తిప్పడం పెద్ద విషయం. శృంగారం ఎంత విపులంగా ఉందో కూడా సిగ్గుపడకుండా చెప్పండి. ఇంట్లో అందరూ చూసే ఫోనులో చదివేవారికి ఆ సమాచారం చాలా అక్కరకు వస్తుంది.

ఇప్పుడు ఒక పేరా రాసి చూద్దాం. ఒడిశా తీరంలోని హుమ్మా దగ్గరి ఉప్పు మడులను పోలిన తీరప్రాంతంలో జరిగే ఫాంటసీ ఒకటి ఉందనుకోండి. మడులు చూసుకునే ఒక స్త్రీకీ, పన్ను వసూలుకు వచ్చిన రాణిగారి దూతకూ ప్రేమ. తొందరలో రాసిన అభిప్రాయం ఇలా ఉంటుంది: "ఇద్దరు స్త్రీల మధ్య ప్రేమను రచయిత్రి ఎంతో సహజంగా, హృద్యంగా చిత్రించారు. ఉప్పు రాజ్యం వర్ణన అద్భుతం." ఇందులో ఉన్న ప్రతి మాటనూ మరో నూరు నవలల మీద అతికించవచ్చు. అదే అభిప్రాయాన్ని ఇలా రాయవచ్చు: "ఈ రాజ్యంలో ఆడవాళ్ళ మధ్య పెళ్ళి నిషేధం కాదు, ఉప్పు మడి ఉన్నవారు ఊరి బయటివారిని చేసుకోవడం నిషేధం, ఎందుకంటే మడి వాటా పెళ్ళితో పాటు చేతులు మారుతుంది. కాబట్టి దూత ప్రేమించినది స్త్రీనని ఎవరూ పట్టించుకోరు, దూత పొరుగూరిదని మాత్రం అందరూ పట్టించుకుంటారు. రచయిత్రి ఈ నియమాన్ని మొదటి సగంలో ఎంత గట్టిగా పట్టుకున్నారో రెండో సగంలో అంత తేలికగా వదిలేశారు. రాణి ఒక్క ఆజ్ఞతో మడులన్నీ పంచేయడంతో అప్పటిదాకా ఉన్న చిక్కు విడిపోలేదు, తెగిపోయింది. పగిలిన అరికాళ్ళకు దూత ఆముదం రాసే ఘట్టం మాత్రం పుస్తకం మూసినా వదలదు." రెండవది చదివినవారికి ఆ నవల తమకు నచ్చుతుందో లేదో తెలుస్తుంది. మీ తీర్పుతో వారు ఏకీభవించనక్కరలేదు.

రచయిత తన గురించి తాను చెప్పుకోనంత వరకు, ఆయన గే అయి ఉంటాడనో, ఆమెకు ఇవన్నీ ఎలా తెలుసుననో ఊహించి రాయకూడదు. ఉదాహరణ కోసం మీ వీధిలోని మనిషిని లాక్కురాకూడదు. "మా ఊళ్ళో బట్టల దుకాణంలో పనిచేసే ఒకబ్బాయి కూడా ఇలాగే" అని పేరు లేకుండా రాసినా, పర్లాకిమిడి అంత ఊళ్ళో ఆ అబ్బాయి ఎవరో సాయంత్రానికల్లా తేలిపోతుంది. మీరు ఎందుకు ఇలాంటి పుస్తకాలు చదువుతున్నారో చెప్పుకోవలసిన బాధ్యత మీకూ లేదు. చెప్పుకోవాలనిపిస్తే చెప్పుకోండి, కాని అది అభిప్రాయానికి అర్హతగా ఎవరూ అడగకూడదు. రైలులో పక్కన కూర్చున్నవారు అట్ట మీది బొమ్మ చూసి అడిగితే "డ్రాగన్ల కథ" అని చెప్పి ఊరుకోవడం అబద్ధమేమీ కాదు.

వారం వారం వచ్చే ధారావాహికలకు మాత్రం వేరే పద్ధతి కావాలి. ఏ భాగం వరకు చదివి రాస్తున్నారో మొదటి వాక్యంలోనే చెప్పాలి, ముగింపు గురించి తీర్పు ఇవ్వకూడదు. ధారావాహిక రాసేవారు చాలామంది పాఠకుల మాటలు చూసి కథ తిప్పుతుంటారు కాబట్టి "వాళ్ళిద్దరినీ త్వరగా కలపండి" అని ఒత్తిడి చేయడం కన్నా, ఏ నియమం ఎక్కడ వదులైందో చూపిస్తే రచయితకు పనికొస్తుంది. కథ పూర్తయ్యాక మళ్ళీ చదివి, మీ అభిప్రాయం మారితే పాతదాన్ని చెరిపేయకుండా దాని కిందనే తేదీ వేసి కొత్తది చేర్చండి. పాతదాన్ని చూసి పుస్తకం మొదలుపెట్టినవారు ఈ రెండవదాని కోసం కూడా వస్తారు.